సూరత్ బిడ్డ, హిమాలయాల పాఠకుడు: దేశానికి యురేనియం వెతికిన దారాషా వాడియా

1949 అక్టోబరు 3న కేంద్ర ప్రభుత్వం ఒక చిన్న విభాగాన్ని ప్రారంభించింది. దానికి అరుదైన ఖనిజాల సర్వేక్షణ విభాగం అని పేరు పెట్టారు. అందులో పట్టుమని ఇరవై మంది భూవిజ్ఞానులు కూడా లేరు. వారికి అప్పగించిన పని మాత్రం దేశమంత విస్తారమైనది. భారత భూభాగంలో యురేనియం ఎక్కడ ఉందో, అసలు తవ్వదగినంత ఉందో లేదో వారు తేల్చాలి. ఆ విభాగానికి అధిపతిగా నియమితులైన వ్యక్తికి మరో ఇరవై రోజుల్లో 66 ఏళ్లు నిండనున్నాయి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ నుంచి ఆయన పదవీ విరమణ చేసి అప్పటికే పదకొండేళ్లయింది. ఆయన దారాషా నోషర్వాన్ వాడియా.

ఆ నాటికి అణుశక్తి సంఘం ఏర్పడి ఏడాదే గడిచింది. హోమీ భాభా మనసులో రూపుదిద్దుకుంటున్న ప్రణాళికకు కేరళ తీరంలోని నల్ల ఇసుక పెద్ద భరోసా. ఆ ఇసుకలోని మొనజైట్‌లో థోరియం సమృద్ధిగా ఉంది. అయితే థోరియం పచ్చి కట్టె వంటిది, దానంతట అది అంటుకోదు. దానిని విచ్ఛిత్తికి అనువైన ఇంధనంగా మార్చాలంటే ముందుగా మరొకచోట నిప్పు రాజేయాలి. ఆ నిప్పు యురేనియం. గయ ప్రాంతపు అభ్రకపు గనులలో దొరికిన నల్లని పిచ్‌బ్లెండ్ ముక్కలు, నెల్లూరు జిల్లా అభ్రకపు గనులలో అక్కడక్కడ కనిపించిన సమర్‌స్కైట్ వంటి అరుదైన ఖనిజాలు తప్ప భారతదేశంలో యురేనియం ఆనవాళ్లు పెద్దగా తెలియని రోజులవి. ప్రదర్శనశాలలో ఉంచడానికి అవి చాలు గానీ రియాక్టరు నడపడానికి చాలవు. మరోవైపు యుద్ధం ముగిసిన నాటి నుంచి ప్రపంచంలోని యురేనియం, థోరియం నిల్వలను తమ గుప్పిట్లో పెట్టుకునేందుకు అగ్రరాజ్యాలు పోటీపడుతున్నాయి. సొంత రాతిలో ఆ లోహం దొరకకపోతే కొత్త దేశపు అణు స్వప్నం ఇతరుల దయాదాక్షిణ్యాల మీద ఆధారపడవలసి వచ్చేది.

ఈ బాధ్యతను భుజాన వేసుకున్న వాడియా అణుశాస్త్రవేత్త కారు. కేంద్రక భౌతికశాస్త్రం ఆయన చదివిన చదువులో లేదు. ఆయనకు తెలిసింది రాయి.

1883 అక్టోబరు 23న సూరత్‌లోని పార్సీ కుటుంబంలో, తొమ్మిది మంది సంతానంలో నాలుగోవాడిగా వాడియా జన్మించారు. వాడియా అన్న ఇంటిపేరుకు ఓడలు కట్టేవారని అర్థం. ఈస్టిండియా కంపెనీకి ఓడలు నిర్మించిన వంశం వారిది. తపతీ నది ముఖద్వారంలోని సూరత్ రేవు నుంచే 1736లో లవ్‌జీ నుసర్వాన్‌జీ వాడియా ఓడల నిర్మాణం కోసం బొంబాయికి తరలివెళ్లారు. దారాషా పుట్టేనాటికి సూరత్ రేవు ప్రాభవం గతించింది. కుటుంబం కూడా ఓడల నుంచి రైళ్లకు మారింది. తండ్రి నోషర్వాన్ ఒక మారుమూల స్టేషన్‌లో స్టేషన్ మాస్టరు. అక్కడ పిల్లల చదువుకు వీలు లేనందున దారాషా సూరత్‌లో అమ్మమ్మ సంరక్షణలో పెరిగి, తొలి చదువు అక్కడే సాగించారు. పదకొండో ఏట కుటుంబం బరోడాకు మారింది. అక్కడ విద్యావేత్తగా పేరున్న పెద్దన్న మంచేర్షా ప్రభావం ఆయనపై బలంగా పడింది.

బరోడా కళాశాలలో ఆయన మొదట చదివింది వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం. ప్రకృతిశాస్త్ర ఆచార్యులు ఆదర్జీ మసానీ ఆయన దృష్టిని భూవిజ్ఞానం వైపు మళ్లించారు. ఆ కాలంలో దేశంలో ఈ శాస్త్రాన్ని బోధించే కళాశాలలు వేళ్ల మీద లెక్కించదగినన్ని మాత్రమే. అందువల్ల వాడియా చాలావరకు పుస్తకాలు, కళాశాలలో ఉన్న రాళ్ల సేకరణ ఆధారంగా తనంతట తానే నేర్చుకున్నారు. 1907లో జమ్మూలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కళాశాలలో అధ్యాపకుడిగా చేరారు. గుజరాత్ మైదానాల నుంచి వచ్చిన ఆ యువకుడికి అక్కడ తరగతి గది కిటికీలోంచే శివాలిక్ కొండలు కనిపించేవి.

ఆ కళాశాలలో ఆయన దాదాపు పద్నాలుగేళ్లు పనిచేశారు. సెలవులు వస్తే సుత్తి, సంచి పట్టుకుని కొండలెక్కేవారు. జమ్మూ సమీపంలోని శివాలిక్ పొరల్లో ఏనాడో అంతరించిపోయిన ఏనుగు జాతి జంతువు స్టెగొడాన్ గణేశకు చెందిన సుమారు మూడు మీటర్ల దంతాన్ని వెలికితీశారు. భారతీయ విద్యార్థులకు తమ నేల గురించి తెలిపే సరైన పాఠ్యగ్రంథం లేదన్న లోటును స్వయంగా తీర్చారు. 1919లో లండన్‌లో అచ్చయిన ఆయన గ్రంథం భారత భూవిజ్ఞానం మీద తరతరాల విద్యార్థులకు ఆధారమైంది, ఆయన మరణానంతరం కూడా పునర్ముద్రణలు పొందింది. విదేశీ పట్టా లేని ఒక కళాశాల అధ్యాపకుడు, సర్వేక్షణ సంస్థలో ఉద్యోగం కూడా లేకుండా, ఉపఖండమంతటి నేల చరిత్రను ఒక్క పుస్తకంలోకి తేవడం నేటికీ ఆశ్చర్యం కలిగించే విషయమే.

1921లో ఆయన భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో చేరారు. అప్పటికి వయసు 38వ యేట పడింది. ఇతరులు పైపదవులకు ఎగబాకే వయసులో ఆయన అట్టడుగు అధికారి హోదాలో గుడారం భుజాన వేసుకుని పూంచ్, పీర్‌పంజాల్ పర్వతాల్లోకి వెళ్లారు. పదిహేడేళ్ల ఆ ఉద్యోగమే ఆయనకు శాశ్వత కీర్తిని తెచ్చిపెట్టింది.

వాయవ్య హిమాలయాల్లో ఒక చిక్కుముడి ఉండేది. అస్సాం నుంచి కాశ్మీరు వరకు వేల కిలోమీటర్లు విల్లులా సాగివచ్చిన పర్వత పంక్తులు, 8,126 మీటర్ల ఎత్తయిన నంగా పర్బత్ సమీపంలో హఠాత్తుగా దక్షిణం వైపు వంగిపోతాయి. ఇక్కడ రెండు వేర్వేరు పర్వత వ్యవస్థలు కలుసుకుంటున్నాయా, లేక ఒకే వ్యవస్థ మలుపు తిరిగిందా? దూరం నుంచి పటాలు చూసి చెప్పగల సంగతి కాదిది. వాడియా ఏళ్ల తరబడి ఆ లోయల్లో కాలినడకన తిరిగి, ఒక్కొక్క రాతి పొర మలుపుకు ఇటు ఎలా ఉందో, అటు ఎలా ఉందో పోల్చి చూశారు. అవే పొరలు, అదే వరుసలో, మలుపు చుట్టూ తిరిగి కొనసాగుతున్నాయని కనుగొన్నారు. పర్వతం ఒకటే, అది వంగింది.

ఎందుకు వంగిందో కూడా ఆయన చెప్పారు. దక్కను పీఠభూమితో సంబంధమున్న అతి ప్రాచీన, అతి కఠిన శిలాఖండం ఒకటి పంజాబ్ మైదానపు ఒండ్రుమట్టి కింద నాలుకలా ఉత్తరానికి పొడుచుకు వెళ్లింది. ఉత్తరం నుంచి నెట్టుకొచ్చిన మెత్తని అవక్షేప పొరలు ఆ కఠిన శిలకు అడ్డుపడి దాని చుట్టూ ముడుచుకున్నాయి. నేల మీద పరచిన చాపను ఒకవైపు నుంచి నెడితే, మధ్యలో ఒక మేకు ఉంటే, మడతలు దాని చుట్టూ ఎలా వంగుతాయో అలాగే. 1931లో ఈ వివరణను ఆయన ప్రచురించారు. భూఫలకాల సిద్ధాంతం స్థిరపడడానికి ఇంకా ముప్ఫై ఏళ్లకు పైగా కాలముంది. ఖండాలు కదులుతాయన్న మాటనే అనేకులు అంగీకరించని రోజుల్లో, ఎవరూ చూడని ఒక మహా సంఘర్షణను అది రాతిలో విడిచివెళ్లిన మడతలను బట్టి వెనక్కి చదివిన పని అది. ఎక్కడ ఒత్తిడి ఎక్కువైందో, ఏ దిశలో పదార్థం పొంగిందో, అడ్డుపడిన వస్తువు ఆకారమేమిటో ఆనవాళ్లే చెప్పాలి.

1938లో పదవీ విరమణ చేసిన తర్వాత ఆయన సింహళ ప్రభుత్వ ఖనిజ శాస్త్రవేత్తగా వెళ్లారు. ఆ ద్వీపంలో అంతకు మూడు దశాబ్దాల ముందు ఖనిజ సర్వేక్షణకు నాయకత్వం వహించిన ఆనంద కుమారస్వామి, తర్వాతి కాలంలో భారతీయ కళాచరిత్రకారుడిగా ప్రసిద్ధి పొందిన ఆ కుమారస్వామే, 1904లో థోరియనైట్ అనే భారీ ఖనిజాన్ని వెలుగులోకి తెచ్చారు. థోరియం, యురేనియం రెండూ కలిగిన రాయి అది. ఆ నేల మీద ఆరేళ్లు గడిపిన వాడియా 1944లో తిరిగివచ్చి భారత ప్రభుత్వానికి ఖనిజ విషయాల సలహాదారు అయ్యారు. అంతకు ముందు ఏడాదే లండన్ భూవిజ్ఞాన సంఘం ఆయనకు లైల్ పతకం బహూకరించింది.

ఇక యురేనియం అన్వేషణ. నంగా పర్బత్ మలుపును చదివిన పద్ధతే ఇక్కడా అక్కరకు వచ్చింది. ఏ శిలలు ఎప్పుడు నలిగాయో, పగుళ్లలోంచి వేడి ద్రవాలు ఎక్కడికి ప్రవహించాయో తెలిస్తే లోహం ఎక్కడ పేరుకుని ఉండవచ్చో ఊహించవచ్చు. కొత్తగా చేతికి వచ్చిన పరికరం గైగర్ కౌంటర్. కంటికి కనిపించని రేడియోధార్మిక కిరణాలు తగిలినప్పుడల్లా అది టిక్కుమంటుంది. యువ భూవిజ్ఞానులు ఈ పెట్టెలను మోసుకుంటూ రాగి గనులు, అభ్రకపు గనులు, సముద్రతీరపు ఇసుక మేటలు వరుసగా గాలించారు. నాటి బీహారులో సింగ్‌భూమ్ ప్రాంతపు రాగి మండలం మొదటి నుంచీ అనుమానితుల జాబితాలో ముందుంది. పొడవునా నలిగి, కోతకు గురైన శిలల పట్టీ అది. 1951లో ఆ పట్టీలోని జాదూగూడా వద్ద యురేనియం నిక్షేపం బయటపడింది.

అది సంపన్నమైన ఖనిజం కాదు. టన్ను రాయిని పిండి చేస్తే కిలో యురేనియం కూడా రాదు. కాంగో, కెనడా గనులతో పోలిస్తే నిరుపేద నిక్షేపం. అయినా అది సొంతం. దానిని తవ్వడం విలువైనదేనని అన్వేషణ, కొలతలు తేల్చిన తర్వాత 1967లో భారత యురేనియం సంస్థ ఏర్పడింది. దేశంలో తొలి యురేనియం గనిగా జాదూగూడా పనిచేయసాగింది. ఈ మధ్యలో 1956లో ట్రాంబేలో అప్సర రియాక్టరు, 1960లో సైరస్ రియాక్టరు పనిచేయడం మొదలుపెట్టాయి. సైరస్ తొలి ఇంధనంలో సగభాగం భారతదేశంలోనే తయారైంది.

జాదూగూడా కథకు మరో పుట కూడా ఉంది, దానిని మడిచిపెట్టడం న్యాయం కాదు. గని చుట్టుపక్కల ఆదివాసీ గ్రామాలు భూమి కోల్పోవడం గురించి, శుద్ధి వ్యర్థాల చెరువుల గురించి, ఆరోగ్యం గురించి దశాబ్దాలుగా ప్రశ్నలు లేవనెత్తుతున్నాయి. నిక్షేపం పేదదైనకొద్దీ వ్యర్థం పెరుగుతుంది. కిలో లోహం కోసం టన్నుల కొద్దీ రాతిపొడిని ఎక్కడో నిల్వ చేయాలి. ఖనిజాన్ని కనుగొన్నవారి లెక్కల్లో ఈ భారం పూర్తిగా కనబడలేదు.

తెలుగు నేలకు ఈ చరిత్రతో సంబంధం దగ్గరిది. వాడియా స్థాపించి నడిపిన విభాగం 1958లో అణు ఖనిజాల విభాగంగా పేరు మార్చుకుంది. 1974లో దాని ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌కు తరలివచ్చి నేటికీ అక్కడే ఉంది. శ్రీకాకుళం నుంచి భీమునిపట్నం వరకు తీరపు ఇసుకలోని మొనజైట్‌ను లెక్కకట్టింది, కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం జాడ తీసింది ఆ సంస్థ వారే. తుమ్మలపల్లె ఖనిజం విచిత్రమైనది. యురేనియం అక్కడ సున్నపురాయి జాతికి చెందిన డోలమైట్‌లో చిక్కుకుని ఉంది. అటువంటి రాతిపై ఆమ్లం పోస్తే లోహం కంటే ముందు రాయే ఆమ్లాన్ని తాగేస్తుంది. అందువల్ల క్షారంతో, ఒత్తిడిలో కరిగించే పద్ధతిని రూపొందించి 2012లో అక్కడ ఉత్పత్తి ప్రారంభించారు. ఇక్కడ కూడా వ్యర్థాల చెరువు వల్ల భూగర్భ జలాలు పాడవుతున్నాయని పరిసర గ్రామాల రైతులు ఫిర్యాదు చేస్తూ వచ్చారు. నల్లమలలో యురేనియం అన్వేషణను వ్యతిరేకిస్తూ 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. వాడియా తన బృందాన్ని కొండలకు పంపినప్పుడు దేశం అడిగిన ప్రశ్న యురేనియం ఉందా అని మాత్రమే. నేడు తవ్వవచ్చా అన్న ప్రశ్న అంతకంటే ముందు వస్తోంది.

గౌరవాలు ఆయనను ఆలస్యంగానైనా వరుసగా వరించాయి. 1957లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. ఆ గౌరవం పొందిన తొలి భారతీయ భూవిజ్ఞాని ఆయనే. 1958లో పద్మభూషణ్, 1963లో జాతీయ ఆచార్య పదవి లభించాయి. 1964 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన అంతర్జాతీయ భూవిజ్ఞాన మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. ఆ మహాసభ ఆసియాలో జరగడం అదే మొదటిసారి. 1968లో హిమాలయ అధ్యయనానికి ప్రత్యేకంగా ఒక సంస్థ ఏర్పడడానికి కారకులయ్యారు. తర్వాత డెహ్రాడూన్‌కు మారిన ఆ సంస్థ ఇప్పుడు ఆయన పేరుతోనే నడుస్తోంది. 1969 జూన్ 15న ఢిల్లీలో వాడియా కన్నుమూశారు. అప్పటికీ ఆయన అణుశక్తి శాఖకు భూవిజ్ఞాన సలహాదారుగా ఉన్నారు.

ఆయన వెతికిన లోహం గురించి ఆయన తరానికి తెలియని విశేషాలు తర్వాత వెల్లడయ్యాయి. యురేనియం వంటి భారీ మూలకాలు మామూలు నక్షత్రాల గర్భంలో తయారు కావు. అందుకు న్యూట్రాన్లు వెల్లువలా లభించే విపరీత పరిస్థితులు కావాలి. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు భారీ మూలకాలు పుడతాయనడానికి 2017లో ఖగోళ శాస్త్రజ్ఞులకు బలమైన సాక్ష్యం లభించింది. జాదూగూడా రాతిలోని యురేనియం అటువంటి విపరీత పరిస్థితుల్లో, భూమి పుట్టకముందే తయారైనది. దాని ప్రధాన రూపమైన యురేనియం 238 సగానికి క్షీణించడానికి సుమారు 450 కోట్ల ఏళ్లు పడుతుంది. భూమి వయసు కూడా దాదాపు అంతే గనుక, నేల పుట్టినప్పుడున్న ఆ యురేనియంలో సగం ఇంకా మిగిలి ఉంది.

ఆ విపరీత పరిస్థితులను ప్రయోగశాలలో రప్పించే ప్రయత్నమే భారీ అయాన్ల సంఘర్షణ. బరువైన పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఒలిచి, మిగిలిన కేంద్రకాలను కాంతి వేగానికి చేరువగా పరుగెత్తించి ఒకదానితో ఒకటి ఢీకొట్టిస్తారు. లిప్తపాటులో కోట్ల కోట్ల వంతు కాలం పాటు, సూర్యగర్భం కంటే లక్ష రెట్లకు పైగా వేడిలో, ప్రోటాన్లు, న్యూట్రాన్లు కరిగి క్వార్కులు, గ్లువాన్ల ద్రవంగా మారుతాయి. 2012లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో యురేనియం కేంద్రకాలనే ఢీకొట్టించారు. వాటిని ఎంచుకోవడానికి కారణం వాటి ఆకారం. యురేనియం కేంద్రకం నారింజలా గుండ్రంగా ఉండదు, దోసకాయలా కోలగా ఉంటుంది. కొనకు కొన తాకిందా, నడుముకు నడుము తాకిందా అన్నదానిని బట్టి నలిగిన పదార్థం పొంగే తీరు మారుతుంది. ఆ సంఘర్షణను నేరుగా చూడగల కన్ను లేదు. చెల్లాచెదురైన వేలాది కణాలు ఏ దిశలో ఎక్కువగా వెళ్లాయో లెక్కించి, ఒత్తిడి ఎక్కడ పెరిగిందో, ఢీకొన్న వస్తువుల ఆకారమేమిటో వెనక్కి చదువుతారు. నంగా పర్బత్ మడతల ముందు నిలబడిన మనిషికి ఈ పద్ధతి కొత్తగా అనిపించి ఉండేది కాదు.

ఈ రంగంలో అగ్రగామి అయిన జర్మనీలోని డార్మ్‌స్టాట్ భారీ అయాన్ల పరిశోధన సంస్థ వాడియా మరణించిన 1969లోనే ఏర్పడింది. యాదృచ్ఛికంగా దాని పొట్టి పేరు కూడా జీఎస్‌ఐ, కలకత్తాలో ఆయన పనిచేసిన సర్వేక్షణ సంస్థకు ఉన్న పొట్టి పేరే. అక్కడ 1976లో తొలిసారి యురేనియం కేంద్రకాల పుంజాన్ని వేగవంతం చేశారు. దాని పక్కనే నిర్మాణంలో ఉన్న ఫెయిర్ అనే అంతర్జాతీయ కేంద్రంలో భారతదేశం భాగస్వామి.

సూరత్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, తపతీ నది ప్రాంతంలోనే కాక్రపార్ అణు విద్యుత్ కేంద్రం ఉంది. 1992లో దాని మొదటి యూనిట్ ప్రారంభమైనప్పుడు, రియాక్టరు గర్భంలో వేడి సమంగా పరచుకునేందుకు కొన్ని థోరియం ఇంధన కట్టలను అమర్చారు. ఆ కేంద్రానికి ఇంధన కట్టలు హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయం నుంచి వెళ్తాయి. ఇక బ్రూక్‌హేవెన్‌లోనూ, జెనీవా సమీపంలోని సెర్న్‌లోనూ భారీ కేంద్రకాల సంఘర్షణలను పరిశీలించేందుకు ఫోటాన్లను లెక్కించే పరికరాన్ని భారతీయ సంస్థలు కలిసి నిర్మించాయి. కలకత్తా, భువనేశ్వర్, చండీగఢ్, జైపూర్, ముంబయి బృందాలతో పాటు ఆ పనిలో జమ్మూ విశ్వవిద్యాలయం కూడా ఉంది. వాడియా సుత్తి పట్టుకుని శివాలిక్ కొండలెక్కడం మొదలుపెట్టింది ఆ ఊరి నుంచే.